చేతికి అందని పొడుగు

నా దగ్గర రెండు స్వెటర్లు ఉన్నాయి. ఒకటి గోధుమరంగుది. మూడేళ్ల కిందట డిసెంబరులో షికాగోలో ఉన్న మా తమ్ముడింటికి వెళ్లినప్పుడు, అక్కడి చలిగాలికి తాళలేక ఒక పెద్ద దుకాణంలో తగ్గింపు ధరకు కొన్నాను. 60 డాలర్లు. రెండోది ముదురాకుపచ్చ. గ్లాస్గోలో చదువుకున్న మా మేనకోడలు అక్కడి చారిటీ షాపులో 14 పౌండ్లకు కొని తెచ్చింది. "ఎవరో తొడుక్కున్నదని ఏమీ అనుకోకు మామయ్యా, ముందు చెయ్యి పెట్టి చూడు" అంటూ చేతికిచ్చింది. రెండింటి మెడ వెనక చీటీ మీదా ఒకటే మాట: 100 శాతం క్యాష్మియర్.

కొన్న రోజున గోధుమరంగుది పిల్లికూన పొట్టలా ఉంది. ఆకుపచ్చది పట్టుకుంటే మంచి ఉన్ని అనిపించిందే తప్ప అంతకు మించి ఏమీ అనిపించలేదు. ఇవాళ గోధుమరంగు స్వెటరు మోచేతుల దగ్గర పల్చబడి, లోపలి చొక్కా గళ్లు పైకి కనిపిస్తున్నాయి. చంకల కింద ఆవగింజలంత ఉండలు గుత్తులు కట్టాయి. ఆకుపచ్చది నా దగ్గరకు రాకముందే ఎన్నో చలికాలాలు చూసింది. దాని అల్లిక ఇప్పటికీ బిగువు సడలలేదు, పైగా తొడిగేకొద్దీ మెత్తబడుతోంది.

రెండు చీటీలూ నిజమే చెబుతున్నాయని నా నమ్మకం. ఆ నిజం ఎంతవరకు వచ్చి ఆగిపోతుందో తెలిస్తే, చేతిలో కొద్ది డబ్బే ఉన్నవాళ్లు కూడా మంచి స్వెటరు ఎంచుకోగలరు. అందుకు ముందు మేక దగ్గరికి వెళ్లాలి.

కశ్మీర్ అన్న ప్రాంతం పేరే ఇంగ్లీషువాళ్ల నోట్లో క్యాష్మియర్ అయింది. పశ్మీనా అన్న మాట పారశీకంలో ఉన్నికి వాడే 'పశ్మ్' నుంచి వచ్చింది. కానీ ఆ మేకలు కశ్మీర్ లోయలో ఉండవు. లద్దాఖ్ తూర్పున, 14,000 అడుగుల ఎత్తున, చాంగ్‌తాంగ్ పీఠభూమిలో చాంగ్పా పశుపోషకుల మందల్లో ఉంటాయి. శీతకాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు 30, 40 డిగ్రీలు కిందికి పోతుంది. గాలి ఆగదు, చెట్టు కనబడదు. ఆ మేక ఒంటిమీద రెండు పొరల బొచ్చు. పైన కనిపించేవి ముతక వెంట్రుకలు, అవి మంచునూ గాలినీ అడ్డుకుంటాయి. వాటి మొదళ్ల మధ్య, చర్మానికి అంటుకుని, సన్నని నూగు పెరుగుతుంది. మనం క్యాష్మియర్ అని పిలిచేది ఆ నూగునే. మంగోలియాలో, చైనా ఏలుబడిలోని లోపలి మంగోలియాలో, ఇరాన్, అఫ్గానిస్తాన్‌లలో పెరిగే మేకలదీ ఇదే ఏర్పాటు. ప్రపంచంలో స్వెటర్లకు వాడే నూగులో చాలా పెద్ద వంతు చైనా, మంగోలియాల నుంచే వస్తుంది.

గొర్రె ఒంటిమీద ఉన్ని ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది. మేక నూగు అలా కాదు. జూన్ చివర పగళ్లు తగ్గడం మొదలయ్యాక చర్మంలోని చిన్న కుదుళ్లు మేలుకుని నూగును పుట్టిస్తాయి. డిసెంబరు చివర పగళ్లు మళ్లీ పెరగడం మొదలయ్యే వేళకు ఆ పని దాదాపు ఆగిపోతుంది. పంచాంగం లెక్కకు కొన్ని రోజుల తేడా ఉన్నా, స్థూలంగా దక్షిణాయనమంతా నూగు పెరుగుతుంది, ఉత్తరాయణంలో ఊడిపోతుంది. మేకకు కాలం తెలిపేది చలికన్నా ముందు వెలుతురే. కంటికి అందే పగటి వెలుతురు నిడివిని బట్టి మెదడులో మెలటోనిన్ హెచ్చుతగ్గులవుతుంది, దాని వెనకే ప్రొలాక్టిన్ అనే హార్మోను నడుస్తుంది, ఆ రెంటి మాట విని కుదుళ్లు పనిచేస్తాయి.

ఆరు నెలల్లో ఎంత పెరుగుతుంది? శుభ్రం చేశాక సాధారణంగా 28 నుంచి 42 మిల్లీమీటర్లు. 36 దాటితే మంచి సరుకు. ఈ ఒక్క సంఖ్య మీదే నా రెండు స్వెటర్ల కథ నడుస్తోంది.

అయితే ముందు సన్నదనం సంగతి. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 70 వెయ్యో వంతులు. చాంగ్‌తాంగ్ మేక నూగు 12 నుంచి 15 మైక్రాన్లు, మంగోలియాది ఎక్కువగా 16, 17, ఇరాన్ వైపుది అంతకంటే కొంచెం లావు. 15కూ 20కీ తేడా ఏముందిలే అనిపిస్తుంది. కానీ ఒక పీచు వంగకుండా ఎంత మొండికేస్తుందన్నది దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. మందం 15 నుంచి 20కి పెరిగితే మొండితనం మూడు రెట్లు దాటుతుంది. 30కి పెరిగితే 16 రెట్లు. చర్మానికి తగిలిన పీచు కొస వంగిపోతే మనకు మెత్తగా ఉంటుంది. వంగకుండా నిలబడితే చర్మం కింద ఉన్న నొప్పి నాడుల కొసలను పొడుస్తుంది. దాదాపు 30 మైక్రాన్లు దాటిన పీచులు ఈ పని చేస్తాయి. "నాకు ఉన్ని పడదండీ, ఒళ్లంతా దురద" అనేవాళ్లలో చాలామందికి ఉన్నది అలర్జీ కాదు, లావు పీచుల పోటు. నూటికి అయిదు అలాంటివి కలిసినా చాలు.

అందుకే అమెరికా చట్టం క్యాష్మియర్ అన్న మాటకు గీత గీసింది. సగటు మందం 19 మైక్రాన్లు దాటకూడదు, 30 దాటిన పీచులు బరువులో 3 శాతానికి మించకూడదు. కశ్మీర్ పశ్మీనాకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తు పొందాలంటే పీచు 16 మైక్రాన్లు దాటకూడదు, చేత్తో వడికి చేత్తో నేసినదై ఉండాలి. 2019లో భారతీయ ప్రమాణాల సంస్థ పశ్మీనాకు ప్రమాణం ప్రకటించింది. 2023లో లద్దాఖ్ పశ్మీనాకూ భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇవన్నీ కావలసినవే. కానీ స్వెటరు చీటీ మీది '100 శాతం' అన్న మాట పీచు మేక నూగేనా, ఎంత సన్నం అన్న దగ్గరే ఆగుతుంది. పొడుగెంతో చెప్పదు.

పొడుగు ఎందుకంత ముఖ్యమో కోనసీమలో కొబ్బరి పీచుతో తాడు పేనే ఆడవాళ్లను అడిగితే చెబుతారు. పీచును పీచుతో కట్టే ముడి ఏదీ లేదు. పురి పెట్టినప్పుడు ఒకదాన్నొకటి ఒరుసుకునే ఒరిపిడే తాడు బలం. పొడుగు పీచుకు ఒరిపిడి ఎక్కువ, పొట్టి పీచు సులువుగా జారిపోతుంది. ఇంకో లెక్క కూడా చూడండి. అంతే బరువు దారంలో 36 మిల్లీమీటర్ల పీచుకు బదులు 24 మిల్లీమీటర్లది వాడితే, కొసలు ఒకటిన్నర రెట్లవుతాయి. స్వెటరు రాపిడి పడినప్పుడు పైకి లేచేవి ఆ కొసలే. లేచిన కొసలు ఒకదానికొకటి చుట్టుకుని ఉండ అవుతుంది. ఆ ఉండను పీకేస్తే దానితో దారంలోని పీచు కొంత పోతుంది. నా గోధుమరంగు స్వెటరు మోచేతులు అలా కరిగాయి.

ఈ మాట పుస్తకంలో చదివి ఊరుకోలేక, చిన్న పని చేశాను. గోధుమరంగు స్వెటరుతో పాటు ఒక పొట్లంలో అదనపు బొత్తాం, జానెడు దారం ఇచ్చారు. ఆ దారం పురి విప్పి, నల్ల కాగితం మీద పెట్టి, పట్టకారుతో ఒక్కో పీచునూ మెల్లగా లాగి వరసగా పేర్చాను. ఆకుపచ్చ స్వెటరు లోపలి కుట్టు దగ్గర వేలాడే దారపు తోక నుంచి కూడా అలాగే తీశాను. పక్కన స్కేలు పెట్టి భూతద్దంలో చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. మొదటిదాంట్లో చాలా పీచులు 20 మిల్లీమీటర్లు దాటి కొంచెం దూరం వచ్చి ఆగిపోయాయి, 15 ఉన్నవీ తక్కువేం కాదు. రెండోదాంట్లో ఎక్కువ భాగం 35, 40 మధ్య పడుకున్నాయి. ప్రయోగశాల కొలత కాదు గానీ, అరగంట కూర్చుంటే ఎవరైనా చేసుకోగలిగింది.

పీచు పొట్టిగా ఎలా అవుతుంది? దారులు చాలా ఉన్నాయి. వేసవి మొదట్లో మేక తనంతట తాను నూగు విడిచే వేళ చూసి, వంకర పళ్ల దువ్వెనతో దువ్వి తీస్తే మొత్తం పొడుగూ చేతికొస్తుంది. కత్తిరించి తీస్తే ముతక వెంట్రుకలూ, తెగిన ముక్కలూ కలుస్తాయి. తరువాత నూగునూ ముతక వెంట్రుకలనూ వేరు చేసే యంత్రాలు. ప్రతి సారి తిప్పినప్పుడూ కొన్ని పీచులు విరుగుతాయి. మన శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకే స్త్రీలు ఎందుకంత నెమ్మదిగా పనిచేస్తారో ఇక్కడ అర్థమవుతుంది. తొందర పీచును కోస్తుంది. ఒక చాంగ్‌తాంగ్ మేక ఏడాదికి ఇచ్చే శుభ్రమైన నూగు నూరు గ్రాములు అటూ ఇటూ. ఒక స్వెటరుకు రెండు మూడు మేకల ఏడాది కష్టం కావాలి. యంత్రాల్లో విరిగి రాలిన పొట్టి నూగును ఎవరూ పారెయ్యరు. అది కూడా చట్టం దృష్టిలో 100 శాతం క్యాష్మియరే, ధర మాత్రం చాలా తక్కువ.

2005 జనవరి 1న ప్రపంచ బట్టల వ్యాపారంలో దేశాలవారీ కోటాలు పోయాయి. చైనా మిల్లుల స్వెటర్లు పడమటి దుకాణాల్లో మామూలు జనానికి అందే ధరకు దిగాయి. ఒకప్పుడు దొరసానులకే పరిమితమైనది మామూలు ఉద్యోగి కొనగలగడం నాకు సంతోషమే. కానీ ఆ ధరకు మేకలు కావాలి. మంగోలియాలో 1990లో సుమారు 50 లక్షల మేకలుండేవి, 2010ల చివరికి రెండున్నర కోట్లు దాటాయి. మేక గడ్డిని మొదలంటా కొరుకుతుంది, గిట్టలతో నేలను గీరుతుంది. పచ్చిక మైదానాలు ఎడారి బారిన పడుతున్నాయి. పైగా మేకకు వయసు పెరిగేకొద్దీ నూగు లావెక్కుతుంది. కిలోల లెక్కన డబ్బు వచ్చే చోట ముసలి మేకలను మందలోనే ఉంచుతారు. చవక స్వెటరు ఖరీదులో కొంత భాగం అక్కడి నేల కడుతోంది.

ఇప్పుడు దుకాణంలోకి వద్దాం. అల్లిన స్వెటరును చివర్లో సబ్బునీళ్లలో కాసేపు తిప్పి కొద్దిగా నూగు లేపుతారు. దీన్ని మిల్లింగ్ అంటారు. ఎంత ఎక్కువసేపు తిప్పితే అంత మెత్తదనం, పొట్టి పీచైతే ఇంకా సులువుగా లేస్తుంది. స్కాట్లండ్ మిల్లుల పాత పద్ధతి తక్కువ మిల్లింగు. కొత్తలో కొంచెం బిరుసుగా ఉన్నా, తొడిగేవాడి ఒంటిమీద ఏళ్ల తరబడి మెత్తబడుతుంది. అంటే దుకాణంలో వేళ్లకు తగిలే మెత్తదనంలో కొంత భాగం స్వెటరు తన ఆయుష్షులోంచి ముందుగా తీసి ఇస్తున్నదే. తాకగానే మబ్బులా ఉండి, పైన నూగు దట్టంగా లేచి ఉన్న చవక స్వెటరును చూస్తే ఇప్పుడు నేను చెయ్యి వెనక్కి తీసుకుంటాను.

మరి దేన్ని చూడాలి? ఎదర భాగాన్ని అరచేత్తో పది సార్లు గట్టిగా రుద్దండి. దారపు పోగులు చుట్టుకుని చిన్న చిన్న వత్తుల్లా లేస్తే దించెయ్యండి. కింది అంచును రెండు చేతులతో అడ్డంగా సాగదీసి వదలండి. వెంటనే తన వెడల్పుకు తాను రావాలి. మంచి పొడుగు పీచుకు అలా వెనక్కి రావడం సహజం. కిటికీకి ఎదురుగా పట్టుకుని అల్లిక చూడండి. అల్లిక కళ్ల మధ్య నుంచి వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తే, నూలు పొదుపు చేశారన్నమాట. అదే సైజు రెండు స్వెటర్లను రెండు చేతుల్లో పట్టుకుంటే బరువు తేడా తెలిసిపోతుంది. రెండు పేటల దారమైతే, పేటలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కనుక ఎక్కువ కాలం నిలుస్తుంది. లోపలికి తిప్పి చంక దగ్గర కుట్టు చూడండి. భాగాలను కావలసిన ఆకారంలోనే అల్లి కలిపితే కుట్టు పక్కన చిన్న చిన్న కళ్ల గుర్తులు వరసగా కనిపిస్తాయి. కత్తిరించి కుట్టినదాంట్లో బట్టలకు వేసినట్టు దట్టమైన ఓవర్‌లాక్ కుట్టు ఉంటుంది.

దారం కాల్చి చూసే పరీక్ష చాలామంది చెబుతారు. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది, విస్కోస్ కాగితంలా కాలుతుంది, ఉన్నీ క్యాష్మియరూ వెంట్రుక కాలిన వాసనతో నలిగే బూడిద అవుతాయి. యాత్రాస్థలాల్లో 200 రూపాయలకు పశ్మీనా అని అమ్మే విస్కోస్ కండువాలను పట్టుకోవడానికి ఈ పరీక్ష చాలు. ఉన్నికీ క్యాష్మియర్‌కీ మాత్రం తేడా చెప్పదు, రెండూ కెరాటినే. ఆ తేడా సూక్ష్మదర్శినిలో పొలుసులను చూస్తే తెలుస్తుంది. ఉన్ని పీచు మీద పొలుసులు దగ్గరదగ్గరగా, అంచులు మందంగా ఉంటాయి. క్యాష్మియర్ పొలుసులు దూరంగా, పల్చగా ఒదిగి ఉంటాయి. క్లోరిన్‌తో పొలుసులు కరిగించిన సన్నని ఉన్నిని క్యాష్మియర్‌లో కలిపితే ఆ పరీక్ష కూడా కష్టమే, అప్పుడు డీఎన్‌ఏ దాకా వెళ్తారు. ఇక శాలువాను ఉంగరంలోంచి లాగి చూపించడం సన్నదనానికి సాక్ష్యమే గాని మేకకు సాక్ష్యం కాదు. పట్టు శాలువా కూడా దూరిపోతుంది. ఎవరైనా శాహ్‌తూష్ అని చూపిస్తే ముట్టుకోవద్దు. అది చీరూ అనే టిబెట్ జింకను చంపి తీసిన ఉన్ని, దాని అమ్మకం, కొనుగోలు నేరం.

కొద్ది డబ్బుతో వెళ్లేవాళ్లకు నా సలహా ఇక సూటిగా చెబుతాను. కొత్తదాంట్లో చవక క్యాష్మియర్ కన్నా మంచి మెరినో గొర్రె ఉన్ని కొనండి. 17 మైక్రాన్ల మెరినో ఒంటికి గుచ్చుకోదు, దాని పీచు 60 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది కనుక దారం గట్టిగా నిలుస్తుంది. బరువుకు తగ్గ వెచ్చదనంలో క్యాష్మియర్ ముందుంటుంది, నిజమే. వెచ్చదనమిచ్చేది పీచుల మధ్య చిక్కుకుని కదలని గాలి. అందుకు సన్నని నూగు బాగా పనికొస్తుంది. కానీ పల్చగా అల్లిన క్యాష్మియర్‌లో ఆ గాలికి చోటెక్కడ? హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి మిషిగన్‌కో టొరంటోకో ఆగస్టులో బయలుదేరే పిల్లలకు లోపల ఒక మెరినో, పైన ఒక గాలి చొరని కోటు చాలు.

క్యాష్మియరే కావాలంటే పాతది కొనండి. బ్రిటన్‌లో చారిటీ షాపులు, అమెరికాలో థ్రిఫ్ట్ స్టోర్లు ఇందుకు నిధులు. మొదటి ఏళ్ల రాపిడిలో వదులు పీచంతా రాలిపోయి, పొట్టి పీచు స్వెటర్లు అప్పటికే పల్చబడి పోయి ఉంటాయి. పదేళ్లు తొడిగినా అల్లిక దట్టంగా ఉన్నదాన్ని కాలమే పరీక్షించి మన ముందు పెట్టింది. పొడుగు పీచు ఉన్నదని ఇంతకంటే గట్టి సాక్ష్యం దుకాణంలో దొరకదు. మోచేతులు, చంకలు, ముంజేతుల అంచులు చూసి, వెలుతురుకు పట్టి చిల్లులు వెతికి, బేరమాడండి. ఇటలీలోని ప్రాతోలో పాత ఉన్ని బట్టలను మళ్లీ పీచుగా చీల్చి దారం తీస్తారు. మంచి పని, నేల మీద భారం తగ్గుతుంది. కానీ చీల్చినప్పుడు పీచు పొట్టిదవుతుంది. అందుకే అందులో కొత్త ఉన్ని కలిపిన దాన్నే ఎంచుకోండి.

శాలువా వేరు. హైదరాబాదు నాంపల్లి నుమాయిష్ ప్రదర్శనలో కశ్మీరీల దుకాణాల ముందు నిలబడేవాళ్లు చేతి పశ్మీనా శాలువా ధర చూసి కంగారు పడతారు. చేతితో వడికే కశ్మీరీ స్త్రీలు నూగుకు బియ్యప్పిండి పట్టించి, మన నేతగాళ్లు పడుగుకు గంజి పెట్టినట్టే, బలమిచ్చి వడుకుతారు. మిషన్ మీద అంత సన్నని నూగు తెగిపోతుంది కనుక కొన్ని చోట్ల నైలాన్ కలిపి వడికి, నేశాక ఆమ్లంతో ఆ నైలాన్‌ను కరిగిస్తారు. అందులో పశ్మీనా బలం కూడా కొంత కరిగిపోతుంది. ధర తేడాకు ఇదొక కారణం.

పాత స్వెటరుతో వచ్చే చిక్కు చిమ్మట. ఎగిరే పురుగు ఏమీ తినదు, దాని పిల్లలు తింటాయి. కెరాటిన్‌లోని గంధకపు బంధాలను తెంపి జీర్ణించుకునే శక్తి చాలా తక్కువ జీవులకుంది, వాటిలో ఇదొకటి. చెమట, కూర మరక ఉన్న చోటంటే మరీ ఇష్టం. పాతది ఇంటికి తెచ్చిన రోజే గాలి చొరని సంచిలో చుట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో ఉంచండి. కలరా ఉండలు మూసిన పెట్టెలోనే పనిచేస్తాయి. పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న శిశువుల్లో ఆ ఆవిరి ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. ఆకుపచ్చ స్వెటరు ఎడమ ముంజేతి దగ్గర బఠాణీ అంత చిల్లు ఉండేది. మా వీధి రఫూగర్ దాన్ని లోపలి కుట్టు నుంచి తీసిన దారంతోనే పూడ్చాడు. ఇప్పుడు వెతికినా దొరకదు.

ఉతకడంలోనే ఎక్కువ స్వెటర్లు చస్తాయి. వేడినీళ్లు, నలపడం, క్షారం మూడూ కలిస్తే పొలుసులు ఒకదాన్లో ఒకటి ఇరుక్కుని వెనక్కి రావు, స్వెటరు గిడసబారుతుంది. డిటర్జెంటు పొడుల్లో మరకలు పోవడానికి కలిపే ప్రోటియేజ్ ఎంజైములకు రక్తపు మరకకూ స్వెటరుకూ తేడా తెలియదు, రెండూ ప్రొటీనే. మన కుంకుడుకాయ ఇక్కడ గొప్ప మందు. దాని రసం కొద్దిగా ఆమ్లగుణమే చూపుతుంది, జిడ్డు తీస్తుంది, పీచుకు హాని చెయ్యదు. శాలువాలు ఉతకడానికి కశ్మీర్‌లోనూ అదే వాడతారు.

నిన్న సాయంత్రం ఆరు కాయలు కొట్టి నానబెట్టి, పొద్దున్నే గుడ్డలో వడగట్టి, చల్లని నీళ్లలో కలిపి ఆకుపచ్చ స్వెటరును పది నిమిషాలు ముంచాను. పిండలేదు. పాత తువ్వాలులో చాపలా చుట్టి నొక్కి, వసారాలో నీడన ఇంకో తువ్వాలు మీద పరిచాను. ముంచేముందు టేపు పెట్టి కొలిస్తే భుజం నుంచి అంచు దాకా 67 సెంటీమీటర్లు. ఇప్పుడే ఆరింది. మళ్లీ కొలిచాను, 67.